పంచిన ముక్కల లెక్క

మూడు ముక్కలాటలో అన్నిటికన్నా పెద్ద చేయి ఏదంటే నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఎవరైనా తడుముకోకుండా ట్రయల్ అంటారు. ఒకే అంకె ముక్కలు మూడు పడటం. దాని కింద ప్యూర్ సీక్వెన్స్, అంటే ఒకే గుర్తులో వరసగా మూడు. అరుదుగా పడే చేయి పెద్దది, తరచుగా పడేది చిన్నది అన్నది పేకాటలన్నిటికీ మూలసూత్రం కాబట్టి ట్రయలే ఎక్కువ అరుదై ఉండాలి. లెక్క వేస్తే అలా లేదు. 52 ముక్కల్లోంచి మూడు ముక్కల చేయి 22,100 రకాలుగా పడొచ్చు. వాటిలో ట్రయల్స్ ఒక్కో అంకెకు నాలుగు చొప్పున పదమూడు అంకెలకు 52. ప్యూర్ సీక్వెన్సులకు ఆసు-రెండు-మూడు మొదలుకొని రాణి-రాజు-ఆసు దాకా పన్నెండు వరసలు, నాలుగు గుర్తుల్లో కలిపి 48. పడటం కష్టమైనది ప్యూర్ సీక్వెన్స్, పందెం ఊడ్చుకుపోయేది ట్రయల్! కాసినోల్లో ఆడే త్రీ కార్డ్ పోకర్‌లో లెక్క ప్రకారమే వరస పెట్టారు, అక్కడ సీక్వెన్స్‌దే పైచేయి. మన దగ్గర మాత్రం పాత మర్యాదే నడుస్తోంది.

పంచిన ముక్కలు చూసుకోగానే ఆటను ఎంతవరకు ఊహించగలం అన్నది పాత ప్రశ్న. పోకర్ పుస్తకాలు దీని మీద అరలు నింపాయి. కానీ పల్నాటి పల్లెల్లో, పట్నాల్లో ఎక్కువగా ఆడేవి మూడు ముక్కలు, కోతముక్క, రమ్మీ. పోకర్ నిన్నగాక మొన్న ఫోన్లలోకి వచ్చింది. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి చేతి లెక్క ఒక్కో ఆటలో ఒక్కో పని చేస్తుందని తేలుతుంది. పంచిన ముక్క తర్వాత మారుతుందా, నచ్చకపోతే లేచిపోవడానికి ఎంతవుతుంది, ఈ రెండు సంగతులు తెలియకుండా శాతాలు బట్టీపట్టి ప్రయోజనం లేదు.

మూడు ముక్కలాటలో పంచిన ముక్క మారదు. మారేది పందెం ఒక్కటే. అందుకని ఇక్కడ లెక్క శుభ్రంగా ఉంటుంది. జత పడే చేతులు 3,744, అంటే సుమారు 17 శాతం. వరస లేకుండా ఒకే గుర్తు ముక్కలు మూడు పడే కలర్ 1,096, మామూలు సీక్వెన్స్ 720. ఇవేవీ లేని ఉత్త చేతులు 16,440. నూటికి డెబ్భై నాలుగు మాట్లు మనకు పడేది ఉత్త చేయే. ఆటగాళ్లు సాధారణంగా గమనించని సంగతి ఇంకొకటుంది. 22,100 చేతులనూ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది రాజు, పది, రెండు. అది చూసి మొహం ముడుచుకునే వాళ్లే ఎక్కువ. ఇద్దరే ఆడుతున్నప్పుడు రాజు-పది పడితే లోకంలోని సగం చేతుల కంటే మీది మేలు.

ఐదుగురు కూర్చుంటే కథ తిరగబడుతుంది. మీ దగ్గర రెండ్ల జత ఉందనుకోండి. మిగిలిన నలుగురిలో ఎవరికీ జతగానీ అంతకంటే మంచిదిగానీ పడకుండా ఉండే అవకాశం దాదాపు 31 శాతమే. జత పడిందన్న ధీమాతో పందెం పెంచుకుంటూ పోయేవాడు మరిచిపోయేది ముక్కలను కాదు, ఎదుట ఎంతమంది కూర్చున్నారన్నదాన్ని. బ్లైండ్ ఆడేవాడు చూసి ఆడేవాడి పందెంలో సగమే కట్టాలన్న నియమం కూడా ఈ లెక్కకే ముడిపడి ఉంది. ముక్కలు చూడనివాడి చేయి సగటున రాజు-పది దగ్గర ఉంటుంది. చూసినవాడు అంతకంటే కింద ఉండి కూడా రెట్టింపు కడుతున్నాడంటే అది బింకమే.

కోతముక్క గురించి జిల్లా పేజీల్లో పోలీసు దాడుల వార్తలు తప్ప మరొకటి కనిపించదు. చేతిలో ముక్కలే ఉండవు కాబట్టి మొదటి చేయి అన్న మాటే లేదు. ఒక ముక్క తెరిచి, లోపలొకటి బయటొకటి వేసుకుంటూ పోతారు. ఆ అంకె ఎటు పడితే అటు కాసినవాళ్లది గెలుపు. చూడటానికి బొమ్మా బొరుసూ. నిజానికి సమానం కాదు. మిగిలిన 51 ముక్కల్లో ఆ అంకెవి మూడుంటాయి. ఆ మూడు ఏయే స్థానాల్లో ఉండొచ్చో లెక్కిస్తే 20,825 రకాలు. వాటిలో 10,725 రకాల్లో మొదటి ముక్క పడిన వైపే గెలుస్తుంది. అంటే 51.5 శాతం. ఈ మూడు శాతం తేడా ఆటగాడిని ధనవంతుణ్ణి చేయదు, నడిపేవాడి కమీషన్ ముందు నిలవదు. గెలిచిన వందకు పది రూపాయలు తీసుకుంటున్నారనుకుంటే మొదటి వైపు కాసేవాడు పందెం కట్టిన ప్రతి వందకూ సగటున రెండు రూపాయలు, రెండో వైపు కాసేవాడు ఎనిమిది రూపాయల దాకా పోగొట్టుకుంటారు. ఇంతకుమించి ఆ ఆటలో నేర్చుకోవలసింది లేదు.

రమ్మీ దగ్గరికి వస్తే లెక్క జటిలమవుతుంది, ఆసక్తికరంగానూ మారుతుంది. రెండు పేకలు, రెండు పేపర్ జోకర్లు, మొత్తం 106 ముక్కలు. ఒక ముక్క తెరిచి జోకర్‌గా పెట్టాక మిగిలిన 105లో జోకర్లు తొమ్మిది. పదమూడు ముక్కలు పంచితే ఒక్క జోకరూ పడకుండా ఉండే అవకాశం 29 శాతం. సరిగ్గా ఒకటి పడేది 40 శాతం. రెండు, అంతకుమించి పడేది 31 శాతం. ‘జోకర్లన్నీ వాడికే పడుతున్నాయి’ అని గొణిగే పెద్దమనిషికి ఈ లెక్క వినిపిస్తే బాగుంటుంది. ఆరుగురు కూర్చున్న బల్ల మీద ప్రతి ఆటలోనూ ఇద్దరికి జోకర్ లేకపోవడం, ఇద్దరికి రెండేసి ఉండటం మామూలు సంగతి.

జోకర్ కంటే ముఖ్యం జోకర్ లేని సీక్వెన్స్. అది లేకపోతే ఎన్ని జోకర్లున్నా షో చెల్లదు, చేతిలో ముక్కలన్నీ కౌంటుకు వస్తాయి. పంచగానే అది పడే అవకాశం ఎంత? చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పదమూడు ముక్కల్లోంచి మూడేసి ముక్కల గుంపులు 286 తీయొచ్చు. పేపర్ జోకర్లను పక్కన పెడితే, రెండు పేకల్లో మూడు ముక్కల సీక్వెన్సులు 384, మొత్తం మూడు ముక్కల గుంపులు 1,82,104. 286ను 384తో గుణించి 1,82,104తో భాగిస్తే 0.6 వస్తుంది. దాన్ని పట్టుకుని ‘పది చేతుల్లో ఆరింటికి సీక్వెన్స్ పడి ఉంటుంది’ అనేస్తారు. అది సగటు లెక్క, అవకాశం కాదు. నాలుగు ముక్కల వరస పడితే అందులో మూడు ముక్కల సీక్వెన్సులు రెండుంటాయి, రెండూ లెక్కలోకి వచ్చేస్తాయి. ఒకే ఆఠీను ఏడు రెండు పడితే మళ్లీ రెట్టింపు. పది చేతులకు ఆరు సీక్వెన్సులు నిజమే, కానీ అవి కొన్ని చేతుల్లో పోగుపడి ఉంటాయి. ఒట్టి చేతులు పదింట నాలుగు కంటే ఎక్కువే.

పడనివాడి సంగతేమిటి? గుంటూరు–మాచర్ల ప్యాసింజర్‌లో పిడుగురాళ్ల దాటాక ఎదురెదురు సీట్ల మధ్య తువ్వాలు పరిచి ఆడేవాళ్ల పక్కన కూర్చుంటే తెలుస్తుంది. డబ్బు లేదు, అట్టముక్క మీద పాయింట్లు రాసుకుంటున్నారు. కిటికీ పక్కాయన పదమూడు ముక్కలు విప్పి సర్దుకున్నాడు. ఆఠీను ఆరు, ఏడు ఆనించి పెట్టాడు. డైమను తొమ్మిదికీ జాకీకీ మధ్య వేలెడు సందు వదిలాడు. మిగతావాటిలో కొన్ని బొమ్మలు, అన్నీ ఒకదానికొకటి పొత్తు లేనివి. జోకర్ లేదు.

‘‘ఏం బావా, స్కూటేనా?’’ అన్నాడు ఎదుటివాడు.

‘‘ఉండరా, ఒక ముక్క తియ్యనీ.’’

‘‘తీస్తే మిడిలే మరి.’’

ఆయన కాసేపు ముక్కల వంక చూసి, బోర్లా పడేశాడు. ఆ కాసేపట్లో జరిగిన లెక్క ఇది. ఆరు-ఏడుకు ఐదైనా ఎనిమిదైనా చాలు, రెండు పేకల్లో నాలుగు ముక్కలు పనికొస్తాయి. తొమ్మిది-జాకీకి పది ఒక్కటే కావాలి, రెండే ఉన్నాయి. కంటికి కనపడని ముక్కలు 91. మూసిన కట్టలోంచి ఐదుసార్లు తీస్తే మొదటిది కుదిరే అవకాశం 20 శాతం పైచిలుకు, రెండోది 11 శాతంలోపే. నడుమ ముక్క కోసం కూర్చోవద్దని పెద్దవాళ్లు చెప్పే మాటకు అంకెల్లో అర్థం అదే. ఎవరో ఆఠీను ఎనిమిది కొట్టాక దాని మీద మరో ముక్క పడితే నాలుగు కాస్తా మూడవుతుంది. ఇది గుర్తుపెట్టుకునేవాడికీ పెట్టుకోనివాడికీ మధ్య తేడాయే ఆటలో నేర్పు.

స్కూట్ లెక్క ఇంకా బాగుంటుంది. 201 ఆటలో ముక్క తీయకుండా పడేస్తే స్కూట్, 25 పాయింట్లు; తీశాక పడేస్తే మిడిల్, 50; ఫుల్ కౌంట్ 80. గెలిచినవాడికి సున్నా. ఆడి ఓడినప్పుడు మీ కౌంటు సగటున 30 వస్తుందనుకుందాం. అప్పుడు ఆడటం వల్ల నష్టం 25 కంటే తక్కువ కావాలంటే గెలిచే అవకాశం ఆరింట ఒకటికి మించి ఉండాలి. ఆరుగురి బల్ల మీద సగటు చేతికి ఉండే అవకాశం సరిగ్గా అంతే. అంటే సగటు చేయి గట్టు మీద నిలబడి ఉంటుంది. అంతకంటే కొంచెం తక్కువైనా పడేయాల్సిందే. ఓడినప్పుడు కౌంటు 40 దాకా వచ్చే బొమ్మల చేయి అయితే 37.5 శాతం గెలుపు ఉంటేనే ఆడాలి. ఆ రైల్లో ఆయన కాగితం మీద ఇవేవీ రాసుకోలేదు. అయినా చేసింది సరైన పనే. రమ్మీలో మొదటి చేతి లెక్క ఎలా గెలవాలో చెప్పదు, ఎప్పుడు పడేయాలో చెబుతుంది.

పోకర్ మూడు ముక్కలాటకూ రమ్మీకీ మధ్యలో ఉంటుంది. ఎక్కువగా ఆడే హోల్డెమ్‌లో మీ చేతికి వచ్చే ముక్కలు రెండే, అవి మారవు. కానీ బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు పడతాయి. రెండు ముక్కల చేతులు 1,326. గుర్తుల తేడా తీసేసి చూస్తే 169 రకాలు. జత పడే అవకాశం కాగితం లేకుండానే చెప్పొచ్చు. మొదటి ముక్క ఏదైనా కానీ, మిగిలిన 51లో దాని తోటివి మూడు. అంటే పదిహేడుకు ఒకటి. రెండూ ఆసులే అయ్యేది 221కి ఒకటి. బల్ల ముందు కూర్చుని ఆడితే గంటకు పాతిక ముప్ఫై చేతులు పంచుతారు కాబట్టి ఆ జత కోసం పనిదినమంతా ఎదురుచూడాలి. దొరికాక కూడా పూచీ లేదు. ఒకడితో తలపడితే రెండు ఆసులు 85 శాతం గెలుస్తాయి. తొమ్మిదిమందీ చివరిదాకా నిలబడితే 31 శాతానికి పడిపోతాయి. మూడు ముక్కలాటలో చూసిన సంగతే ఇక్కడా: అవకాశం ముక్కలది మాత్రమే కాదు, బల్లది.

1976లో డేవిడ్ స్క్లాన్‌స్కీ అనే అమెరికన్ ఆటగాడు ఈ చేతులను తరగతులుగా విడగొట్టి, ఏవి ఆడాలో ఏవి వదలాలో పుస్తకం రాశాడు. ఇలాంటి పట్టికలు పల్నాటికి కొత్త కాదు. కోడి రంగును బట్టి, తిథీ వారాన్ని బట్టి డేగ ఎప్పుడు గెలుస్తుందో, కాకి ఎప్పుడు ఓడుతుందో చెప్పే కుక్కుట శాస్త్రం సంక్రాంతి ముందు నేటికీ చేతులు మారుతూనే ఉంటుంది. నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య జరిగిందని చెప్పే కోడిపోరులో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోయారు. కారెంపూడి యుద్ధానికి దారితీసింది ఆ పందెమే. రెండు పట్టికలూ బరిలోకి దిగకముందే ఫలితం చెప్పబోతాయి. తేడా ఏమిటంటే 1,326 చేతులను ఎవరైనా కూర్చుని లెక్కపెట్టొచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు. డేగకు ఆదివారం పొద్దు కలిసొస్తుందన్న మాటను అలా పట్టుకునే దారి లేదు.

లెక్కపెట్టే విద్యలో మనం వెనకబడిందేమీ లేదు. ఆరు రుచుల్లోంచి ఎన్ని కలయికలు చేయొచ్చంటే 63 అని సుశ్రుత సంహిత ఏనాడో చెప్పింది. వాటిలో మూడేసి రుచుల కలయికలు 20. మూడేసి ముక్కల చేతులు 22,100 అని తేల్చేదీ ఆ పద్ధతే. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు దీనికి సూత్రం కట్టాడు. ఆయన గణితసార సంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. భారతంలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు మీద ఆకులు, కాయలు ఎన్నున్నాయో చూపుతోనే చెప్పడం, నలుడు ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకుని పోయిన రాజ్యం తిరిగి గెలవడం అరణ్యపర్వంలో ఉన్నాయి. ఆనాటి పాచికలు ఆ చెట్టు కాయలే. లెక్కకూ జూదానికీ చుట్టరికం ఉందని ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు. ఐరోపాలో పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకుని సంభావ్యతా శాస్త్రానికి పునాది వేసింది 1654లో.

ఇంతవరకు చెప్పిన శాతాలన్నీ ఒక షరతు మీద నిలబడి ఉన్నాయి: పేక బాగా కలవాలి. మన బల్లల మీద అది జరగదు. పేకను రెండుగా చీల్చి అంచులు ఒకదాంట్లోకి ఒకటి దూర్చి కలిపితే 52 ముక్కలకు ఏడుసార్లు కావాలని 1992లో బేయర్, డయాకోనిస్ నిరూపించారు. అరచేతిలో పట్టుకుని పైనుంచి కొంచెం కొంచెం కిందికి దించుతూ కలిపే మన పద్ధతిలోనైతే వేలసార్లు కావాలి. ఎవరు కలుపుతారు? నాలుగుసార్లు తిప్పి ‘కొయ్యి’ అంటారు. రమ్మీలో దీనివల్ల జరిగేది మరీ స్పష్టం. పోయిన ఆటలో షో చూపించిన సీక్వెన్సులు, ట్రిప్లెట్లు అతుక్కునే కట్టలోకి వెళతాయి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చొప్పున పంచేటప్పుడు పక్కపక్కవాళ్లకు పడతాయి. నాలుగు ఆఠీన్లు వరసగా నలుగురికి వెళ్లడాన్ని చూసి ‘ఇవాళ గాలి అటుంది’ అంటారు. గాలి కాదు, కలపని పేక. నా దృష్టిలో పుస్తకాల్లో దొరికే శాతాలకూ పల్లె బల్లకూ మధ్య అసలైన అగాధం ఇదే. దీన్ని గమనించే ఆటగాడికి పట్టికలన్నీ వచ్చినవాడి కంటే ఎక్కువ తెలుస్తుంది.

నేర్పా, అదృష్టమా అన్న వాదం కోర్టుకెక్కింది కూడా అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచే. 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె.సత్యనారాయణగా కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడేది, ఎందుకంటే పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది కొట్టాలో తెలియాలి అన్నది దాని సారం. రమ్మీలో అదృష్టం పాలు బ్రిడ్జిలో ముక్కలు పంచినప్పుడు ఉండేదాని వంటిదేనని కోర్టు పోల్చింది. బ్రిడ్జిలో పదమూడు ముక్కల చేతులు 63,501 కోట్ల పైచిలుకు. అన్ని చేతుల్లో ఏది పడుతుందో ఎవరి వశమూ కాదు, పడ్డాక ఏం చేస్తామన్నదే మనది. మారని ముక్కల ఆటనూ మార్చుకునే ముక్కల ఆటనూ విడదీయడంలో కోర్టు చూపు సరైనదే. మూడు ముక్కల్లో బింకానికీ వదిలేసే తెలివికీ ఉన్న పాలును మరీ చిన్నచూపు చూసిందని మాత్రం అనిపిస్తుంది.

పోకర్ విషయంలో కోర్టులు ఒక మాట మీద లేవు. 2017లో గుజరాత్ హైకోర్టు దాన్ని అదృష్టపు ఆట అంది. 2022లో కర్ణాటక హైకోర్టు, ఆన్‌లైన్ ఆటల మీద ఆ రాష్ట్రం తెచ్చిన నిషేధాన్ని కొట్టేసింది. తెలుగు రాష్ట్రాలు మాత్రం నేర్పా, అదృష్టమా అన్న తర్కాన్నే పక్కకు నెట్టేశాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సులు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని ఆపాయి, ఆంధ్రప్రదేశ్ పోకర్‌నూ కలిపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నేర్పుదైనా అదృష్టానిదైనా నిషేధమే. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. హైదరాబాద్‌లో పుట్టిన రమ్మీ కంపెనీ ఒకటి దాన్ని కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. అలాంటి పిటిషన్లన్నీ సుప్రీంకోర్టుకు చేరాయి.

నేర్పు ఎంత అన్న వాదనలో మునిగి అందరూ దాటేసే సంగతి ఒకటి 1967 తీర్పులోనే ఉంది. క్లబ్బు కూర్చోబెట్టినందుకు మామూలు రుసుము తీసుకుంటే తప్పులేదు, ఆట మీద లాభం తీస్తే అది వేరు అని కోర్టు గుర్తుచేసింది. సమాన నేర్పున్న ఆరుగురు తలా వంద పెట్టి ఆడుతున్నారు, ఆటకు పదిశాతం నడిపేవాడిది అనుకోండి. ప్రతి ఆటకు బల్ల మీద నుంచి అరవై రూపాయలు లేస్తాయి. యాభై ఆటలకు మూడువేలు, మనిషికి ఐదువందలు. ఎవడికెన్ని జోకర్లు పడ్డా, ఎవడు ఎంత బాగా స్కూట్ కొట్టినా, ఆ మూడువేలల్లో ఒక్క రూపాయి తగ్గదు.